నీళ్ళు పోసినం కదా, అందుకే చల్లగున్నది

అందరూ ఒకటే మాట అంటున్నారు. "అయిపోయింది కదా లతా, ఇంక తవ్వకు." మా ఆయన అంటారు, మా అత్తమ్మ అంటుంది, ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ అంటుంది. పాప ఇంటికి వచ్చింది, ఇడ్లీ తింటోంది, అక్క పెన్సిల్ లాక్కుంటోంది, ఇంకేం కావాలి అని. నాకు తవ్వడం అలవాటు. పెళ్ళయిన కొత్తలో నేను పెట్టిన చాయ్ చూసి "ఇది చాయా, చేతులు కడిగిన నీళ్ళా" అని అత్తమ్మ అన్న రోజున ఆమె కట్టుకున్న చీర అంచు రంగు కూడా చెప్పగలను. అలాంటి నన్ను, నా చిన్న కూతురి చేతులు మంచుగడ్డలైన శనివారాన్ని మరిచిపొమ్మంటే ఎలా?

అందుకే రాస్తున్నాను. రాస్తే గుండెదడ కొంచెం తగ్గుతుందేమోనని ఒక కారణం. ఎక్కడో ఒక ఇంట్లో ఇదే పొరపాటు జరగబోతుంటే, ఎవరో ఒకరికి ఇది గుర్తొస్తుందేమోనని ఇంకో కారణం.

మాది చేవెళ్ళ. బస్టాండు దగ్గర మా ఆయనకు పెయింట్లు, హార్డ్‌వేర్ దుకాణం ఉంది. మా మామగారు పెట్టింది. నేను మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పెద్దమ్మాయి అక్షర నాలుగో తరగతి, చిన్నది హాసిని యూకేజీ. పొద్దున మా ఇల్లు ఎలా ఉంటుందో పిల్లలున్న వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఒక చేత్తో జడ, ఒక చేత్తో దోసె. హాసిని సాక్సు ఎప్పుడూ ఒకటే దొరుకుతుంది. ఎనిమిదిన్నరకల్లా నలుగురం మూడు దిక్కులకు పోతాం. ఇంట్లో అత్తమ్మ మిగులుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చాక నేను వచ్చేదాకా వాళ్ళు ఆమె దగ్గరే. ఆ మేలు నేను కాదనను. ఆమె కూడా దాన్ని నన్ను మరిచిపోనివ్వదు.

మంగళవారం

అడ్మిషన్ల రోజులు. నా టేబుల్ ముందు తల్లిదండ్రులు వరుసగా నిలబడి ఉన్నారు. బడి నుంచి ఫోన్.

"మేడం, హాసినికి ఒళ్ళు కాలిపోతున్నది. వాళ్ళ డాడీకి చేసినం. బోని కాలేదు, జరసేపు ఆగుండ్రి అంటున్నడు."

మా దుకాణంలో ఒక పట్టింపు ఉంది. పొద్దున షట్టర్ ఎత్తాక మొదటి బేరం, అంటే బోణీ, కాకుండా యజమాని గల్లా దగ్గర నుంచి లేవకూడదు. పావుకిలో మేకులైనా సరే అమ్ముడుపోవాలి. లేస్తే ఆ రోజంతా బేరం ఉండదట. మా మామగారు పోయిన తర్వాత అత్తమ్మ ఈ పట్టింపును దేవుడి గదిలో దీపంలా కాపాడుకుంటూ వస్తోంది.

బోణీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ హాసిని బడి ఆఫీసు బెంచీ మీద, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్షర క్లాసు వదిలి వచ్చి చెల్లెలి పక్కనే కూర్చుని, తన కర్చీఫ్ నీళ్ళ సీసాతో తడిపి నుదుటి మీద వేసిందట. చివరికి ఎవరో వచ్చి ఒక తాళంకప్ప కొంటే మా ఆయన కదిలారు. ఆ తాళం కొన్న మనిషికి నేను రుణపడి ఉన్నాను. మా ఆయనకు కాదు.

గురువారం

జ్వరం దిగడం, మళ్ళీ పెరగడం. మందు వేస్తే చెమటలు, గంటలు గడిస్తే మళ్ళీ నిప్పు. చేవెళ్ళలోనే ఒక నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాం. వానలు మొదలయ్యాక ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. కుర్చీలు లేవు. హాసిని నా భుజం మీద వేలాడుతూ, "అమ్మా, ఇంటికి పోదాం" అని గొణుగుతోంది. మార్కెట్‌లో కొత్తిమీర అమ్ముకుని, అటునుంచే వచ్చిన ఒక ముసలమ్మ, జ్వరంతో తానే వణుకుతూ, లేచి కుర్చీ ఇచ్చింది. నేను వద్దన్నాను. "కూసో బిడ్డా. నా ఒళ్ళు నేను మోస్కుంట, నువ్వు ఇద్దర్ని మోస్తున్నవ్" అంది. ఆమె చీరకు అంటిన కొత్తిమీర వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. మంచి కూడా మరిచిపోను నేను. మా వాళ్ళు ఆ సంగతి చెప్పరు.

రక్తం తీశారు. డెంగీ అన్నారు. ఆ మాట విన్నాక డాక్టరు పెదవులు కదలడం కనిపిస్తోంది కానీ మాటలు కాసేపు వినిపించలేదు. చివర్లో చెప్పింది మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

"శనివారం పొద్దున పాపను మళ్ళ తీసుకరాండ్రి. జ్వరం తగ్గినా సరే రావాలె. తగ్గినంకనే ఇంకా జాగ్రత్తగ చూడాలె."

ఇంటికి వచ్చి అదే మాట అందరికీ చెప్పాను. అత్తమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "జ్వరం తగ్గినంక దవాఖానకు ఎందుకు పోతరమ్మా, సంతకా?" అంది. మా ఆయన నవ్వారు. ఆ నవ్వు కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

శుక్రవారం

ఫోన్ల రోజు. బొప్పాయి ఆకు రసం తాగించమని ఒకరు, మేకపాలు పట్టమని ఒకరు, "మా ఆడపడుచు కొడుక్కు గిట్లనే అయి..." అని మొదలుపెట్టి ఆపేసేవాళ్ళు కొందరు. వాక్యం మధ్యలో ఆపేవాళ్ళే నన్ను ఎక్కువ భయపెట్టారు. పాప ఏం తాగించినా కక్కేసింది. దాని మణికట్టు ఎంత సన్నగా ఉందో నేను అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేదు.

సెలవు పొడిగించమని ఆఫీసులో సార్‌ను అడిగాను. "మీ ఇంట్లోనే ఎప్పుడూ జ్వరాలా మేడం? రేపు మాత్రం రావాల్సిందే" అన్నారు. ఆయన కూతురి పెళ్ళికి రెండు రోజులు నేనే వెళ్ళి, వచ్చినవాళ్ళకు గంధం పూసి కూర్చోబెట్టాను. సరే.

శనివారం

తెల్లవారేసరికి జ్వరం లేదు. నుదురు మామూలుగా ఉంది. పాప కళ్ళు తెరిచి "దోసె" అంది. మా ఆయనతో రెండుసార్లు చెప్పాను. "పదింటికల్లా దవాఖానకు తీసుకపోండ్రి. మరువకుండ్రి." ఆయన తల ఊపారు. నేను బస్సెక్కాను.

మధ్యాహ్నానికి ముందు ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తింది.

"జ్వరం మొత్తం పోయింది. చెమటలు కారినయి. వేపాకు ఏసి నీళ్ళు కాగవెట్టి తానం చేపిచ్చిన. మంచిగ పండుకున్నది."

మా ఇంట్లో అదొక పద్ధతి. జ్వరం విడిచాక వేపాకు నీళ్ళు పోస్తే కానీ ఒంట్లో మిగిలిన జ్వరం పోదంటారు.

"దవాఖానకు తీసుకపోలేదా అత్తమ్మా?"

"ఆడు పొద్దున పోయి కూసున్నడు, ఇంక బోని కాలేదంట. అయినా జ్వరమే లేదు. ఊకె సూదులు పొడిపిస్తవా పిల్లకు?"

కోపం వచ్చింది. కానీ దాని వెనకే హాయి కూడా వచ్చింది. జ్వరం పోయింది! ఆ మాట నా పక్క సీటు సునీతక్కకు చెప్పాను. సునీతక్కది పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరు. రోజూ షేర్ ఆటోలో వస్తుంది. నా గోడు అంతా వినే మనిషి ఆమె ఒక్కతే. ఆమె నవ్వలేదు.

"తగ్గినంకనే చూపియ్యమన్నడని నువ్వే చెప్పినవ్ కదా నాకు?"

"అవును."

"మరి గీడేం చేస్తున్నవ్? లే, పో."

"సార్ ఊకుంటడా అక్కా?"

"అంటే అననియ్యి. అన్నది నువ్వెట్లా మర్చిపోవు. తీరికగ తర్వాత తిట్టుకుందువు."

రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు లేదు. చేవెళ్ళ షేర్ ఆటోలో నేనొక్కదాన్నే. "ఇంక నలుగురు రావాలె అక్కా" అన్నాడు డ్రైవరు. తర్వాత అద్దంలో నా ముఖం చూశాడు. బండి స్టార్ట్ చేశాడు. దారిలో చేతులెత్తిన వాళ్ళ దగ్గర కూడా ఆపలేదు.

ఇంట్లో తలుపులన్నీ వేసి ఉన్నాయి. మంచం మీద హాసిని రెండు దుప్పట్ల కింద ఉంది. నిద్రపోవడం లేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, కానీ నన్ను చూసి లేవలేదు. "కడుపు నొస్తున్నది" అంది, ఎవరికో చెప్పినట్టు. పెదవులకు రంగు లేదు. దుప్పటి కింద చెయ్యి పెట్టి దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమ్మగా, బావిలోంచి అప్పుడే తీసిన గిన్నెలా ఉంది. పాదాలూ అంతే.

"అత్తమ్మా, ఏంది గిట్లున్నది?"

"నీళ్ళు పోసినం కదా, అందుకే చల్లగున్నది. దుప్పట్లు కప్పిన. వేడెక్కుతది, ఫికర్ చెయ్యకు."

ఆమె కొబ్బరినూనె రాసి ఆ పాదాలను రుద్దుతోంది. ఎంతసేపటి నుంచి రుద్దుతోందో, అరచేతులు ఎర్రబడ్డాయి. నేను కూడా మంచం మీద కూర్చుని రెండో పాదం అందుకున్నాను. భయపడ్డ మనిషికి ఏదో ఒక కారణం దొరికితే చాలు, దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నీళ్ళు పోశారు. అందుకే. అంతే.

అక్షర గడప దగ్గర నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆ రోజు అదీ బడికి పోలేదు.

"అమ్మా."

"ఏందే?"

"నానమ్మ నాకు గూడ గవే నీళ్ళు పోసింది. ఒక్క బకెట్లనే. చెల్లెకు పోసినంక నాకు."

"అయితే ఏంది?"

"నా చేతులు చూడు."

దగ్గరికి వచ్చి తన చెయ్యి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది, ఇప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలా. నా ఎడమ చేతిలో చిన్నదాని చెయ్యి, కుడి చేతిలో పెద్దదాని చెయ్యి. ఒకటే బకెట్, ఒకటే నీళ్ళు, ఒకటే పొద్దు. అంతకంటే భయంకరమైన క్షణం నా జీవితంలో లేదు.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"దుకాణంల మంది ఉన్నరు లతా, జర..."

"షట్టర్ గుంజి వస్తరా, పిల్లను ఎత్తుకొని నేనే రోడ్డు మీదికి రావాల్నా?"

వచ్చారు. వేళ్ళకు నీలం రంగు అంటుకుని ఉంది. బండి మీద మా ఇద్దరి మధ్య పాపను కూర్చోబెట్టుకుని వెళ్ళాం. దాని తల ఒక దగ్గర నిలవడం లేదు. నా గడ్డం కింద పెట్టి అదిమి పట్టుకున్నాను. ఆ కొద్ది దూరం అంతా దాని చెవిలో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. అన్నీ గుర్తుండే నాకు అది మాత్రం గుర్తులేదు.

ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. డాక్టరు పాప మణికట్టు పట్టుకున్నాడు. వదిలి, మెడ దగ్గర పట్టుకున్నాడు. ఆయన ముఖం మారింది.

"ఎప్పటి నుంచి గిట్లున్నది?"

"నీళ్ళు పోసినం సార్, అందుకే..." అని మా ఆయన మొదలుపెట్టారు.

"నీళ్ళు పొద్దున పోసిండ్రు. ఇప్పుడు యాల్ల ఎంతైంది? పాప ఒంటికి ఎప్పుడు పోయింది?"

అత్తమ్మకు ఫోన్ చేశాను. "పొద్దున్నేనేమో..." ఆమె వెనక నుంచి అక్షర అరిచింది. "పోలే! ఇయ్యాల అసలే పోలే!"

సూది గుచ్చడానికి నరం దొరకలేదు. ఒక సిస్టర్ పాదం మీద వెతికింది, ఇంకొకరు మోచేతి దగ్గర. పాప ఏడవలేదు. సూదులంటే ఇల్లు ఎగరగొట్టే పిల్ల, అటు చూస్తూ ఊరుకుంది. అది ఏడవకపోవడం నేను భరించలేకపోయాను. సెలైన్ సీసా ఎక్కించి, అంబులెన్సులో పట్నం పంపారు.

అదే రోడ్డు. రోజూ సీటు దొరక్క తిట్టుకుంటూ పోయే రోడ్డే. శనివారం సాయంత్రం కదా, పట్నం నుంచి ఫామ్‌హౌసులకు, రిసార్టులకు పోయే కార్లు ఎదురుగా బారులు కట్టాయి. పాటలు, నవ్వులు. సైరన్ వినపడినా ఒక్క కారూ పక్కకు జరగలేదు. మొయినాబాద్‌లో మా కాలేజీ గేటు దాటుతుంటే నా కిటికీ లైటు వెలుగుతూ కనబడింది. నా పని సునీతక్క చేస్తోందన్నమాట. మా ఆయన సెలైన్ సీసాను రెండు చేతులతో పైకి పట్టుకుని నిలబడ్డారు. కొక్కెం ఉంది, దానికి తగిలించమని సిస్టర్ చెప్పినా వినలేదు. చేవెళ్ళ నుంచి పట్నం దాకా అలాగే పట్టుకున్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర ఆ దారంతా సమయం ఉంది. బలం లేదు.

ఆదివారం

పిల్లల ఐసీయూ బయట హాలు. నీలం కుర్చీలు, ఎప్పుడూ మూసి ఉండే తలుపు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అక్కడున్న తల్లులందరం ఒకేసారి లేస్తాం. ఒక పేరు పిలుస్తారు. మిగతా వాళ్ళం కూర్చుంటాం. మన పేరు పిలవకపోతే భయం. పిలిస్తే ఇంకా భయం.

పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. "రేపటి వరకు ఏమీ చెప్పలేను" అంది. ఆ తర్వాత నేను అడక్కుండానే అంది: "స్నానం వల్ల ఇది రాలేదమ్మా. జ్వరం దిగే సమయంలోనే కొంతమంది పిల్లలకు ఇలా అవుతుంది. ఒళ్ళు చల్లబడటం దానికి గుర్తు. మీకు ఆ చల్లదనానికి వేరే కారణం దొరికింది, అంతే. ఎవరి తప్పూ అనుకోకండి."

ఆమె మంచి డాక్టరు. నా కూతుర్ని కాపాడుతోంది. అయినా ఆ చివరి మాటకు నేను తల ఊపలేదు.

అత్తమ్మ అక్షరను తీసుకుని బస్సులో వచ్చింది. నా పక్కన కాదు, రెండు కుర్చీలు అవతల కూర్చుంది. అనడానికి నా దగ్గర ఎంత ఉందో ఆమెకూ తెలుసు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఆఫీసులు, ఆఫీసులు అని తిరిగితే పిల్లలు గిట్లనే అయితరు వదినా" అంది. ఫోన్ స్పీకరులో ఉంది. అప్పుడు అత్తమ్మ లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నోరు మూస్తవా? అది ఆఫీసు ఇడిచిపెట్టి రాకుంటే పిల్ల దక్కునా?" అని పెట్టేసింది. మళ్ళీ పోయి అదే కుర్చీలో కూర్చుంది.

చర్చి అయ్యాక సునీతక్క వచ్చింది. సంచిలో అరటిపండ్లు, బ్రెడ్డు. "అన్నం వండి తెద్దామనుకున్న. మీరు మా ఇంట్ల తింటరో లేదో అని తేలే" అంది మామూలుగా, నిష్ఠూరం లేకుండా. ఇన్నేళ్ళలో ఆమె డబ్బాలోంచి నేను ఒక్క ముద్ద తినలేదని అప్పుడు తట్టింది. నేను గుర్తుపెట్టుకునే జాబితాలాంటిది ఆమె దగ్గరా ఉండొచ్చు, చదివి వినిపించదు, అంతే. నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అత్తమ్మ కూడా అవతలి కుర్చీలో చేతులు జోడించి ఉంది. ఏ దేవుడికో నేను అడగలేదు.

సోమవారం

తలుపు తెరుచుకుంది. సన్నటి మలయాళీ నర్సు తల బయటపెట్టి అరిచింది. "హాసిని వాళ్ళు! పాప మూత్రం పోసింది!"

మా ఆయన, జీవితంలో నలుగురిలో గట్టిగా మాట్లాడని మనిషి, "పోసిందట! పోసిందట!" అని హాలంతా చెప్పారు. ఎవరో తెలియని ఒక తండ్రి ఆయన్ను కౌగిలించుకున్నాడు. నేను లోపలికి వెళ్ళి ముందు పాప ముఖం చూడలేదు, చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. గులాబీ రంగులో ఉంది. పాప నన్ను చూసి, "ఈ సూది ఎప్పుడు తీస్తరు?" అని ఏడ్చింది. ఆ ఏడుపు ఎంతసేపైనా వినగలిగేదాన్ని.

ఇప్పుడు

చదివిన వాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పిల్లలకు జ్వరం తగ్గితే సంతోషించండి, కానీ వెంటనే చేతులూ కాళ్ళూ ముట్టుకుని చూడండి. ఒంటికి పోతున్నారా అడగండి. డాక్టరు రమ్మన్న రోజు వెళ్ళండి. చల్లగా ఉంటే ఏ కారణమూ వెతక్కండి. కారణం ఎప్పుడూ దొరుకుతుంది.

మా ఆయన బోణీ పట్టింపు మానుకున్నానంటున్నారు. చూస్తాను.

ఇంటికి వచ్చాక, డాక్టరమ్మ సరేనన్న తర్వాత, నిన్న మొదటిసారి హాసినికి స్నానం. అత్తమ్మ నీళ్ళు కాచి, చెంబు పట్టుకుని నా దగ్గరకు వచ్చి నిలబడింది. పదేళ్ళలో ఆమె నన్ను ఏదీ అడగలేదు. "పోయాల్నా?" అంది. నేను జవాబు చెప్పేలోగా హాసిని "నానమ్మనే పోయాలె" అని గంతులేసింది. నేను బాత్రూం గడప దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాను.

ఒళ్ళు తుడిచాక అత్తమ్మ ఇద్దరు పిల్లలనూ మంచం మీద కూర్చోబెట్టుకుంది. చెరొక చేత్తో చెరొకరి చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుని, చాలాసేపు.

"నానమ్మా, మావి కాదు, నీ చేతులే చల్లగున్నయి" అంది అక్షర.

"నీళ్ళల్ల పెట్టిన కదనే, అందుకే..." అని అత్తమ్మ సగంలో ఆగిపోయింది.

నేను లేచి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. వేళ్ళ కొసలు చల్లగా ఉన్నాయి. అరచేతులు వెచ్చగానే ఉన్నాయి. గోళ్ళకు రంగు ఉంది. అన్నీ చూసి, అప్పుడు వదిలాను.

క్షమించానని కాదు. ఈ ఇంట్లో 'అందుకే' అన్న మాట ఇక ఎవరు చెప్పినా, ముట్టుకుని చూడకుండా నేను నమ్మను.